పెదవి మీది గీత

మొహాల మీద మచ్చలు మాయం చెయ్యడమే టచింగ్ మాస్టారి బతుకుతెరువు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా స్టూడియో వెనకగదిలో, అడుగున దీపం వెలిగే వాలు అద్దం బల్ల ముందు కూర్చుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో నెగెటివుల మీద చుక్కలు పెడుతూ జనం మొటిమల్నీ ముడతల్నీ పోగొట్టాడు. ఆయన చేతిలో పడ్డాక ఎవరి వయసూ నలభై దాటేది కాదు. మెల్లకన్ను సరిచెయ్యలేదని అలిగినవాళ్ళున్నారు కానీ, మచ్చ మిగిలిపోయిందని తిరిగొచ్చినవాళ్ళు లేరు. అదంటే ఆయనకి కొంచెం గర్వం. కొంచెం ఏమిటి, బోలెడు.

అలాంటి మనిషికి మూడు నెలలుగా చెయ్యి ఆడటం లేదు. పెన్సిలు చెక్కుతాడు, చెక్కిందే మళ్ళీ చెక్కుతాడు, పూట గడిచిపోతుంది. అక్క పోయింది. ఆ రోజు వెళ్ళి, ఎవరో పరాయివాడిలా గేటు దగ్గర కాసేపు నిలబడి వచ్చేశాడు. కంట్లోంచి ఒక్క చుక్క రాలలేదు. ఏడవడానికి తనకేం మొహం ఉందనుకున్నాడేమో.

పదకొండేళ్ళుగా మాటల్లేవు మరి. అమ్మ పోయిన వారానికి, నలుగురూ కూర్చుని ఉండగా అక్క నోరు జారింది. "నెల ముందే డాక్టరుకి చూపించి ఉంటే అమ్మ బతికేదిరా. నీకు పని తప్ప ఇంకేం కనపడదు" అంది. అబద్ధమైతే మర్నాటికి మర్చిపోయేవాడు. నిజం కాబట్టి మర్చిపోలేకపోయాడు. ఆరు వీధుల అవతల ఉన్న ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు. మేనకోడలు స్వయంగా వచ్చి పెళ్ళికి పిలిస్తే, సరిగ్గా ఆ రోజుకే ఒంట్లో బాగోలేదని మొహం చాటేశాడు. ముందు అక్కే రావాలని ఆయన పంతం. చిన్నపిల్లల పంతమైనా సాయంత్రానికి తీరిపోతుంది. ఈయనది తీరలేదు.

ఇప్పుడు ఆ మేనకోడలే మళ్ళీ వచ్చింది. కుర్చీలో కూర్చోకుండా నిలబడే, ఒక కవరులోంచి ఫోటోలు తీసి బల్ల మీద పరిచింది. అన్నీ పదకొండేళ్ళ కిందటివో, అంతకన్నా పాతవో. అన్నీ మాస్టారు తీసి, మాస్టారే టచింగ్ చేసినవి. గోడకి పెట్టుకోవడానికి వాళ్ళమ్మ ఫోటో కావాలట. వీటిల్లో ఒకటి పెద్దది చేయిస్తే సరిపోతుంది కదా అని ఆయన అడిగాడు.

"బాగానే ఉన్నాయి మామయ్యా. కానీ మా పాప చూసి ఈవిడెవరంది. అమ్మమ్మ చంకలోనే పెరిగిన పిల్ల. నిజం చెప్పాలంటే, నాక్కూడా వీటిల్లో అమ్మ కనపడటం లేదు."

తర్వాతి ఫోటోలు లేవా అంటే లేవంది. ఫోటో అనగానే అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయేదట. కూతురి పెళ్ళి ఫోటోల్లో కూడా ప్రతి దాంట్లోనూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునో, పక్కకి తిరిగో ఉందట. తను పెళ్ళికి రాలేదన్న అలక అయ్యుంటుందని మాస్టారు మనసులో అనుకున్నాడు. పైకి మాత్రం, బొమ్మ గీసి ఇస్తాను, వారం ఆగి రమ్మన్నాడు. చెప్పాక భయం వేసింది. అక్క మొహం ఇక కాగితం మీద ఎక్కడా లేదు. తన తలలో ఉన్నదొక్కటే. అది కూడా సరిగ్గా రాకపోతే, అక్క కోసం ఆయన చెయ్యగలిగింది ఇంకేమీ మిగలదు.

వారం రోజులూ గీశాడు. పైనున్న ఇంటికి భోజనానికి కూడా వేళకి వెళ్ళకపోతే భార్య మెట్ల మీంచే నాలుగు అక్షింతలు వేసింది. పాపిట, నుదురు, చివర్లు కిందికి జారే కళ్ళు, అన్నీ కుదిరాయి. తన పనితనానికి తనే మురిసిపోయాడు. మేనకోడలు వచ్చి బొమ్మని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. చాలాసేపు చూసింది.

"ఈవిడ అందంగా ఉంది మామయ్యా. అమ్మ కాదు."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. నలభై ఏళ్ళ పనివాణ్ణి పట్టుకుని అలా అంటావా అని ఎగరబోయాడు కానీ, ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని కవరు సర్దుకుంటోంది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, తన పై పెదవి మీద ఎడంపక్క వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ అమ్మకి గీత ఉండేది. అది లేకుండా అమ్మ నవ్వు ఎలా వస్తుంది?"

ఆమె వెళ్ళిపోయాక మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. మర్చిపోయి వదిలేసింది కాదు. చెయ్యి దానంతటదే దాటవేసింది. ఆ గీతని చెరిపే ఆయన టచింగ్ నేర్చుకున్నాడు. అక్క కాలేజీ ఫోటో మొదటిది, తర్వాత పెళ్ళి ఫోటో, తర్వాత బిడ్డని ఎత్తుకున్నది. ప్రతిసారీ అక్క, "ఉండనివ్వరా, నా మొహం మీద ఉంటే నీకు అడ్డేమిటి?" అనేది. ప్రతిసారీ ఈయన వినలేదు. నీ అందం కోసమేనే అనేవాడు. ఆ మాట తనే నమ్మాడు కూడా.

మర్నాడు మధ్యాహ్నం కొత్త కాగితం తీసుకున్నాడు. మొహం జోలికి పోలేదు. ముందు ఆ గీత ఒక్కటే గీశాడు. కొత్తగా ఆలోచించాల్సిన పనే లేకపోయింది. దాని పొడవెంతో, ఏ కోణంలో వంగుతుందో, పెదవి అంచు దగ్గర ఎలా చీలుతుందో ఆయనకి తెలిసినంతగా అక్కని కన్నతల్లికి కూడా తెలియదు. ఇరవై సార్లు చెరిపినవాడు కదా. గీత పడగానే దాని పక్కన పెదవి కాస్త పైకి లేచింది. పెదవి లేవగానే చెంప కదిలింది. చెంప కదిలితే కన్ను చిన్నదయింది. చూస్తుండగానే అక్క, వీడింక మారడన్నట్టు, ఒక పక్కకి నవ్వింది.

మాస్టారు కాగితాన్ని దూరంగా జరిపాడు, తడి పడితే చెదిరిపోతుందని. మూడు నెలలుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. మొహం తుడుచుకోవడం, గియ్యడం, మళ్ళీ తుడుచుకోవడం. మెడ దగ్గరికి వచ్చేసరికి సాయంత్రమైంది.

ఈసారి మేనకోడలు బొమ్మని కిటికీ దాకా తీసుకెళ్ళలేదు. చూసీచూడగానే "అమ్మ" అంది, కుర్చీలో కూర్చుంది. బొమ్మని చేతికిచ్చి పంపించెయ్యచ్చు, పిల్లకి కావలసింది దొరికింది. అయినా మాస్టారికి ఆ గీత పక్కనే ఇంకో మాట చెప్పకుండా మిగిలిపోయినట్టనిపించింది.

"ఆ దెబ్బ ఎలా తగిలిందో అమ్మ నీకేం చెప్పింది?"

"చిన్నప్పుడు మెట్ల మీద పడ్డానంది."

"పడలేదమ్మా. నేను కొట్టాను. నాకు ఆరేళ్ళు, దానికి తొమ్మిది. నేను వేసిన బొమ్మ చూసి నవ్విందని పలక విసిరాను. నోరంతా రక్తం. ఇంట్లోవాళ్ళు పరిగెత్తుకొస్తే, మెట్ల మీద జారానని అదే చెప్పింది."

మేనకోడలు బొమ్మకేసి చూస్తూ ఉండిపోయింది. కోప్పడుతుందనుకున్నాడు ఆయన. కోప్పడితే బాగుండుననుకున్నాడు.

"అందుకా" అంది చివరికి. "నా పెళ్ళిలో చెయ్యి తియ్యమ్మా, మొహం కనపడనియ్యి అని ఎంత బతిమాలానో. 'వేరేవాళ్ళు తీస్తే గీత అలాగే పడుతుందే. ఎప్పుడైనా మా తమ్ముడు చూస్తే తట్టుకోలేడు' అంది. ఏంటీవిడ చాదస్తం అని నవ్వేశాను. నువ్వు ఎప్పటికైనా వస్తావనే అనుకునేది మామయ్యా."

అక్కది అలక అనుకున్నాడు మాస్టారు ఇన్నాళ్ళూ. ఆ అలకని సాకు చేసుకుని ఇంట్లో కూర్చున్నాడు. అక్క మాత్రం కూతురి పెళ్ళిలో కూడా తన మొహం కప్పుకుని ఈయన్ని కాచుకుంది. ఒక్కసారి నిజం చెప్పినందుకు ఈయన మాటలు మానేసిన అక్క, ఈయన కోసం చెప్పిన అబద్ధాన్ని ప్రాణం పోయేదాకా మానలేదు.

"ఒక్కసారి వచ్చుంటే సరిపోయేదమ్మా. ఆరు వీధులే."

"అమ్మ రావలసిందంటావా?"

"కాదు. నేను."