నీలమ్మ రాయించిన పేర్లు

పక్కింటామె చంటిపిల్లను చంకనెత్తుకుని పాలకోసం వచ్చి, "జర పిల్లను పట్టుకో నీలమ్మా" అనబోయింది. గడపలో కూర్చున్న అత్త కొమురమ్మ అడ్డుపడింది. "దానికియ్యకు. దాని పాలల్నే విషముండె. కన్నబిడ్డ కన్ను తిన్నది."

బర్రె పొదుగు కింద ఉన్న నీలమ్మ చేతులు ఆగలేదు. అత్త ఆ మాట అనబట్టి రెండేళ్లయింది. చీకటితో లేచి నాలుగు బర్రెల పేడ ఎత్తి, పాలు పిండి, బిందె నెత్తిన పెట్టుకుని మాదన్నపేట నుంచి శాలిబండ దాకా ఇరవై ఇళ్లు తిరిగి, వచ్చి పొయ్యి ముట్టించేది ఆమె. వ్యాపారం పేరు మాత్రం పెనిమిటి బుచ్చయ్యది. "మా బుచ్చయ్య రెక్కల కష్టం" అంటుంది కొమురమ్మ ఎవరొచ్చినా.

రెండేళ్ల కింద పోయిన బిడ్డ పేరు బాలమ్మ. ఏడాది నిండీ నిండకముందే ఎడమ కన్నులో పిల్లికన్నులా తెల్లటి మెరుపు కనబడింది. దవాఖానలో కంటి డాక్టరు ఆనందరావు చూసి, "కంట్ల క్యాన్సర్ గడ్డ. వెయ్యి మందిల ఒక్కరికి గూడ రాదు. కన్ను తీసేస్తే పానం దక్కొచ్చు" అన్నాడు. "ఒంటికంటిదాన్ని ఎవడు చేసుకుంటడు సాబ్?" అని బుచ్చయ్య బిడ్డను ఎత్తుకుని బయటికి నడిచాడు. నీలమ్మ మారుమాట్లాడక వెనకే నడిచింది. ఏడు నెలల్లో కన్ను ఉబ్బి బయటికొచ్చి, రొమ్ము అందుకోలేక అందుకోలేక బిడ్డ పోయింది. అత్త అన్న మాటలు ఏదో ఒక పనిలో పడి మరిచిపోగలదు కానీ, ఆనాడు తన నోరు ఎందుకు లేవలేదన్న మాట మాత్రం ఆమెను వదలదు. పాలు పిండుతుంటే వస్తుంది, పిడకలు కొడుతుంటే వస్తుంది. నేను కాదంటే ఏమయ్యేది, కొట్టేవాడు, కొడితే ఏమయ్యేది, బిడ్డ బతికేది.

ఆనందరావు ఇంటికి కూడా ఆమే పాలు పోసేది. జర్మనీవాళ్లతో లడాయి మొదలైన రెండో ఏడు, ఒక పొద్దున ఆయన చేతిలో కాగితంతో వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. కన్ను తీయకుండా రేడియంతో గడ్డను కాల్చే వైద్యం మీద పరిశోధన చేస్తానని, దానికి చిన్న వార్డూ సామానూ ఇప్పించమని సర్కారుకు రాసుకున్నాడట. జవాబు వచ్చింది.

"ఇసొంటి పిల్లలు షహర్ల ఎందరున్నరని అడిగిండ్రు నీలమ్మా. నా బుక్కుల నలుగురే ఉన్నరు. నలుగురి కోసం ఖజానా తెరుస్తరా? దవాఖానకు తేకుండ ఇంట్లనే పోగొట్టుకునేటోళ్ల సంగతి నాకెట్ల తెలుస్తది? మొగ డాక్టర్‌ను లోపలికి రానియ్యరు."

"నన్ను రానిస్తరు సాబ్" అంది నీలమ్మ.

మూడు నెలలు తిరిగింది. పాలు పోసి వెంటనే లేవక, బిందె దించి కూర్చుని, ముందు తన బాలమ్మ సంగతి చెప్పేది. అది వినగానే అవతలి ఆడమనిషి చేతిలో పని ఆగిపోయేది. శాలిబండలో ఒక బేగం పర్దా వెనక చెయ్యి పట్టుకుని, "నూర్ హై బోల్‌కే ఖుష్ హుయే థే హమ్" అని ఏడ్చింది. బిడ్డ కన్నులో దేవుడిచ్చిన వెలుగని మురిసిపోయారట. మొగవాళ్లకు ఆ పిల్లల పేర్లు కూడా గుర్తు లేవు. తల్లులకు ఏ కన్ను, ఏ నెల, ఏ పూట అన్నీ గుర్తున్నాయి. నీలమ్మకు రాయడం రాదు. అన్నీ మనసులో పెట్టుకుని పోయి చెబితే, దవాఖాన కంపౌండర్ ఇశ్రాయేలు రాసుకునేవాడు. ఇంట్లో బువ్వ ఆలస్యమయ్యేది. "ఊరోళ్ల చావులన్ని నీకేందే? మా దగ్గర లేదా ఏడుపు?" అని బుచ్చయ్య కంచం తోసేశాడు ఒకనాడు. ఆమె మెతుకులు ఎత్తి, నేల తుడిచి, మర్నాడు మళ్లీ పోయింది.

పదమూడు పేర్లయ్యాక, బహదూర్‌పురాలో మంత్రసాని ఎల్లమ్మను కలిసింది. ముసలామె ఆ పేర్లన్నీ వేళ్లు ముడుస్తూ విని, "మీ ఇంటిది రాయించలేదా?" అంది.

"బాలమ్మదే మొదలు రాయించిన గదా."

"బాలమ్మ గాదే. మీ అత్త పెద్దకొడుకు వైకుంఠం. బుచ్చయ్య కన్న ముందటోడు. నా చేతుల మీదనే పుట్టిండు. రెండు కండ్లు మెరిసె వానికి, బతకలే."

ఇంటికి వచ్చేసరికి కొమురమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నీలమ్మ ఎదురుగా కూర్చుంది. "అత్తా, వైకుంఠం ఎవలు?"

చేట మీద ముసలి వేళ్లు ఆగిపోయాయి. "ఎవలు చెప్పిండ్రు?" అంది.

"తెలిసుండి నన్నెందుకన్నవు? రెండేండ్లు!"

"నన్ను గట్లనే అన్నది మా అత్త. నా పాలే అన్నది. బుచ్చిగాడు పుడితే నా రొమ్ము తాగనియ్యలే, బర్రెపాలతోని సాకింది. నిజమే అనుకున్న బిడ్డా. నా పాలే అనుకున్న ఇన్నేండ్లు. నీదంటే..." కొమురమ్మ చేటలో బియ్యాన్ని ఒక పక్కకు తోసింది. "నీదంటే నాది కాదనిపించేది."

నీలమ్మకు కోపం పోలేదు, కానీ దాన్ని ఎవరి మీద దించాలో తెలియలేదు. చేట అందుకుని మిగిలిన రాళ్లు తానే ఏరింది. మర్నాడు వైకుంఠం పేరు రాయించింది.

పద్నాలుగు పేర్లతో, ఏ ఇంట్లో ఎవరికి ఎవరేమవుతారో, ఈ గడ్డ ఒకే వంశంలో మళ్లీ ఎట్లా వస్తుందో వివరంగా రాసి ఆనందరావు మళ్లీ పంపాడు. ఆ ఇళ్లలో పుట్టే ప్రతి బిడ్డ కండ్లూ నెల నెలా చూడాలని, మెరుపు బయటపడకముందే పట్టుకోవాలని, పట్టుకున్నాక రేడియం పెట్టి చూడాలని అందులో ఉంది. నాలుగు నెలలకు జవాబొచ్చింది. ఆలోచన మంచిదే, లడాయి ముగిసినాక చూద్దాం. అందాకా బేస్తవారం పొద్దున పూట ఒక గది వాడుకోవచ్చు. ఇశ్రాయేలు ఆ అర్జీ నకలు చదివి వినిపిస్తూ తలవంచుకున్నాడు. "నీ పేరు లేదమ్మా. 'ఇంటింటి విచారణ వల్ల తెలిసినది' అని ఉన్నది."

"పాలల్ల నీళ్లు కలిస్తే అందరికి యాదికొస్తది తియ్యి నా పేరు" అంది నీలమ్మ. నవ్వుతూనే అంది కానీ, దారి పొడుగునా ఆ పద్నాలుగు పేర్లూ ఒక్కొక్కటే మనసులో చెప్పుకుంటూ నడిచింది. అయినా తల్లులను బతిమాలి ప్రతి బేస్తవారం దవాఖానకు తీసుకొచ్చింది ఆమే. అప్పటికి ఆమెకు ఆరో నెల.

ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో ఆనందరావు చీకటి గదిలో బిడ్డ కండ్లలోకి అద్దంతో వెలుగు వేసి చూసి, అద్దం పక్కన పెట్టాడు. "కుడి కన్ను. సన్నగనే ఉన్నది. రేడియం ఉంటే కన్ను కూడ మిగిలేదేమో. ఇప్పుడు తీసేస్తే పానం దక్కుతది అనుకుంటున్న. రెండోది ఏండ్లకేండ్లు చూస్తుండాలె."

బుచ్చయ్యను పిలిపించారు. కొమురమ్మ కూడా వచ్చి వరండాలో గోడకానుకుంది. "మల్ల గదే మాట!" అన్నాడు బుచ్చయ్య. "రేపు పెండ్లి ఎట్ల జెయ్యాలె? అమ్మా, నువ్వన్న చెప్పు దీనికి."

కొమురమ్మ కొడుకు ముఖం చూడలేదు. "నాకు ఆనాడు ఎవలూ చెప్పలేదురా. చెప్తే రెండు కండ్లు తీసైనా బతికించుకుందును" అంది.

బుచ్చయ్య విసురుగా మెట్లు దిగిపోయాడు. ఇశ్రాయేలు ఆపరేషన్ కాగితం పట్టుకుని, సంతకం చోటు చూపిస్తూ, "కాయిదా ప్రకారం తండ్రి దస్తకత్ కావాలె" అన్నాడు.

"తొమ్మిది నెలలు మోసేటప్పుడు ఎవల దస్తకత్ అడిగిండ్రు భాయ్?"

ఇశ్రాయేలు డాక్టరు వైపు చూశాడు. ఆనందరావు కాగితం అందుకుని, తండ్రి అన్న మాట కొట్టేసి, సిరా దిండు ముందుకు జరిపాడు. నీలమ్మ బొటనవేలు గట్టిగా అద్దింది.

లోపల సిద్ధం చేస్తున్నారు. ఆమె బిడ్డను కిటికీ దగ్గరికి తీసుకుపోయి, కొంగు తొలగించి, తన ముఖానికి ఎదురుగా పట్టుకుంది. రెండు కండ్లతో తల్లిని చూడటం అదే ఆఖరు కాబట్టి, పిలిచేదాకా చూడనిచ్చింది.