అరువు తెచ్చిన చప్పుడు

"ఒక్క ఊళ్ళో ఆడేసి, మర్నాడే మీ మిషను చప్పుడు మీకు తెచ్చి పెట్టేస్తాం. మా అమ్మ మీద ఒట్టు."

పిడుగు ఈ మాట లాండ్రీ నడిమధ్య, తడి దుప్పట్ల తోపుడు బండి మీద నిలబడి అన్నాడు. ఎవరి మీద ఒట్టేశాడో ఆ అమ్మ అక్కడే ఉంది, పెద్ద ఇస్త్రీ ప్రెస్సు ముందు, మోచేతుల దాకా తొడుగులేసుకుని.

"నా మీదెందుకురా ఒట్లు? నీకు తల లేదా?" అందావిడ.

పనివాళ్ళంతా ఘొల్లుమన్నారు. వాళ్ళతో పాటు, అందరూ నినాదం అని పిలిచే పిడుగు బావ కూడా నవ్వాడు.

పిడుగు అతని మేనమామ కొడుకు. వాడి వేళ్ళు తగిలితే అడుగు ఊడిన బకెట్టు కూడా చిందేస్తుందని వాడికా పేరు. ఇతను నోరు తెరిస్తే గోడ మీది రాతలే ఊడిపడతాయని ఇతనికీ పేరు. టీ చల్లారినా "ఇది వ్యవస్థ చేసిన కుట్ర" అనే రకం. ఇద్దరూ కలిసి ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం కడతారు. పిడుగు వెలిగే గళ్ళున్న పెట్టె మీద వేళ్ళాడిస్తాడు. నినాదం మైకు పట్టుకుని జనాన్ని లేపుతాడు, మధ్యమధ్యలో వెనకున్న తెర మీద అక్షరాలు పరుగెత్తిస్తాడు.

చప్పుళ్ళు అరువు తెచ్చుకోవడం వాళ్ళ పద్ధతి. రికార్డరు పెట్టి చప్పుడు తీస్తే వస్తువు మూగబోతుంది. అది చంటిపిల్లలకైనా తెలిసిన సంగతే. అందుకని అడిగి తీసేవాళ్ళు, పనవగానే తిరిగి పెట్టేవాళ్ళు. ఎదురింటావిడ కెటిల్ ఈల తీసుకెళ్ళి ఒక పూట ఆలస్యం చేస్తే, ఆవిడ నీళ్ళన్నీ ఇగిరిపోయి, వీళ్ళకు వారం పాటు అక్షింతలు పడ్డాయి. తీసిన చెయ్యే తిరిగి పెట్టాలి. ఇంకో చెయ్యి పెడితే చప్పుడు అంటదు.

ప్రెస్సు చప్పుడులో రెండు ముక్కలు. ఆసుపత్రి దుప్పటిని బల్ల మీద పరుస్తారు, అరచేతులతో ముడతలు తోస్తారు. పైనున్న కాగిన పలక దిగేముందు "ఉస్స్..." అని ఆవిరి వదులుతుంది. తర్వాత "ధడ్". పిడుగుకి ఆ ధడ్ కావాలి. పాట ఊపిరి బిగబట్టి ఒక్కసారి విరుచుకుపడే చోటుకి దాన్ని మించింది లేదన్నాడు. ఉస్స్ కూడా దానికి అంటుకుని వచ్చింది. తీసింది పిడుగు, రికార్డరు అందించింది నినాదమే.

మొదటి రోజు లాండ్రీలో పండగ. "హమ్మయ్య, చెవులకి సెలవొచ్చింది" అని బట్టలు మడతపెట్టే ముసలాయన నిద్ర కూడా పోయాడట.

మొదటి ఊళ్ళో హాలు నిండిపోయింది. పిడుగు వెలిగే గడి మీద వేలు పెట్టాడు. "ఉస్స్..." ఎవరూ చెప్పకుండానే జనమంతా చేతులు పైకెత్తారు. ధడ్! నేల అదిరింది. మళ్ళీ ఉస్స్. మళ్ళీ చేతులు పైకి. పిడుగు మొహం దీపంలా వెలిగింది.

మర్నాడు వ్యాను ఇంటివైపు తిరగలేదు. టూరు మేనేజరు డ్రైవరు పక్కన కూర్చుని ఇంకో ఊరి పేరు చెప్పాడు. ఆపై ఇంకొకటి.

"మరి మిషను చప్పుడు?" అన్నాడు నినాదం.

"నడిచే బండికి చక్రం పీకుతారా బాబూ ఎవరైనా?" అన్నాడు మేనేజరు, వెనక్కి తిరగకుండానే.

ఆ సాయంత్రం అత్తయ్య ఫోను చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అల్లుడూ, ఎప్పుడొస్తున్నారు?"

"రేపో ఎల్లుండో అత్తయ్యా. ఏమైంది?"

"ఏం కాలేదులే. నా చేతి తొడుగు ప్రెస్సులోకి పోయింది. వట్టి తొడుగే, చెయ్యి లాక్కున్నా. చూస్తే నవ్వొచ్చిందనుకో, కాగితంలా అయిపోయింది, అయిదు వేళ్ళూ గీసినట్టు కనబడుతున్నాయి." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఇన్నేళ్ళూ చేతులు వాటంతటవే లేచేవి. ఉస్స్ అనేది, లేచేవి. ఇప్పుడు కళ్ళతో చూసి తియ్యాలి. దుప్పటి చూడాలా, పలక చూడాలా? కొత్తగా చేరినావిడకైతే అసలు అలవాటే లేదు."

"ప్రెస్సు ఆపెయ్యమనండి!"

"ప్రెస్సు ఆపితే యజమాని మమ్మల్ని ఆపేస్తాడు. పిడుగుగాడికి చెప్పకు, బెంగపెట్టుకుంటాడు. ఇప్పుడిప్పుడే కదా రెక్కలొచ్చింది."

ఆ పూట హాల్లో ఉస్స్ వినబడగానే వేల చేతులు గాల్లోకి లేచాయి. నినాదం కళ్ళకి మాత్రం లేవని చేతులే కనబడ్డాయి. తెల్లటి దుప్పటి మీద పరుచుకుని, ఏమీ వినబడక, అలాగే ఉండిపోయిన చేతులు. ధడ్ అన్నప్పుడల్లా అతను తన వేళ్ళు చంకల్లో దాచుకున్నాడు. ఆ తర్వాత ఫోను మోగితే భయం, మోగకపోతే అంతకు రెండింతల భయం. అన్నం ముందు కూర్చుంటే ముద్ద పట్టుకున్న వేళ్ళు పరాయివిగా కనబడేవి.

ఒక మధ్యాహ్నం ఖాళీ హాల్లో వైర్లు బిగిస్తుంటే పిడుగుని పట్టుకున్నాడు. తొడుగు సంగతి చెప్పేశాడు. పిడుగు మొహంలో నెత్తురు చుక్క లేదు. కానీ వైరు బిగించడం ఆపలేదు.

"అమ్మ చేయి తిరిగిన మనిషి బావా. ఏం కాదు."

"తిరిగి పెట్టేసి వద్దాం రా. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి వచ్చేస్తాం."

"వచ్చి ఏం వాయించాలి? నీ తలకాయా?"

"చెమట ఎవరిదో చప్పుడు వాళ్ళది! మనం చేస్తున్నది దోపిడీ రా. చేతులు తిని బతికే సంగీతం సంగీతమేనా?"

"అబ్బో, మొదలెట్టాడండీ. గోడేదైనా చూసి రాసుకో, బాగుంటుంది." వెటకారం అంతలోనే జారిపోయింది. "ఆ చప్పుడు లేకపోతే నన్నెవడు చూస్తాడు బావా? మళ్ళీ మెట్ల కింద గదిలో మనమే వాయించుకుని మనమే చప్పట్లు కొట్టుకోవాలి. ఈ టూరు అవనీ. ఈ ఒక్కటీ అవనీ."

వాడికీ భయమే. అయితే వాడి భయం వాళ్ళమ్మ చేతులకన్నా పెద్దదని నినాదానికి ఆ క్షణాన తెలిసింది. వాడి చేతిని బలవంతంగా లాక్కెళ్ళి మిషను మీద పెట్టించలేడు. తన చేత్తో పెడదామంటే అంటదు. తన చేత్తో తీసినదైతేనే తను పెట్టగలడు.

ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాడు.

లాండ్రీకి వెళ్ళేసరికి పొద్దుటి పని జోరుగా ఉంది. ప్రెస్సు నోరెత్తకుండా లేస్తోంది, నోరెత్తకుండా దిగుతోంది. దాని చుట్టూ ఆడవాళ్ళు పిల్లి ముందు పిట్టల్లా నిలబడి ఉన్నారు, ఒక్కరూ కబుర్లాడటం లేదు.

"ఏరా, పిడుగుగాడేడి?" అంది అత్తయ్య.

నినాదం ఆరేసిన దుప్పట్ల వెనక్కి వెళ్ళాడు. వెంట తెచ్చిన రికార్డరు నోటికానించుకున్నాడు. మనిషి గొంతు ఎవరూ తియ్యరు. పక్షం దాటితే పెట్టిన చోటే అతుక్కుపోతుంది, ఇక ఊడిరాదు. చదివిన పుస్తకాలన్నీ, కేకలేసిన ఊరేగింపులన్నీ ఆ గొంతులోనే ఉన్నాయి. అది పోతే తను ఎవరు? ఈ మాటకి మాత్రం ఏ గోడ మీదా జవాబు రాసి లేదు.

"చెయ్యి!" అని అరిచాడు. గొంతు ఇంకా మిగిలింది. "చెయ్యి! చెయ్యి!" గొంతు అడుగంటే దాకా అరిచాడు. చివరికి పెదవులు ఆడాయి, గాలి వచ్చింది, అంతే.

వెళ్ళి రికార్డరుని ప్రెస్సు ఇనుప మెడకి ఆనించి నొక్కాడు.

పలక లేచింది. కొత్తగా చేరినావిడ జారిపోతున్న దుప్పటి అంచు కోసం చెయ్యి చాచింది. కళ్ళు అంచు మీదే ఉన్నాయి.

"చెయ్యీ!" అని గద్దించింది మిషను, నినాదం గొంతుతో.

చేతులన్నీ ఒక్కసారి లేచాయి. పలక వట్టి దుప్పటి మీద దిగింది. కొత్తావిడ తన అరచేతిని ముందూ వెనకా తిప్పి చూసుకుంది. తర్వాత ఇంకో దుప్పటి అందుకుంది.

"వీడు ఊళ్ళో ఉన్నా లేకపోయినా ఈ గోల మనకి తప్పదన్నమాట," అన్నాడు ముసలాయన.

అత్తయ్య నవ్వలేదు. తొడుగులు పీకి పారేసి వచ్చి అతని గడ్డం పట్టుకుంది. "ఎంత పని చేశావురా! ఏదీ, ఒక్కసారి అత్తయ్యా అను. అనరా!"

అతను నోరు తెరిచాడు. ఆవిడ చెంపకి వెచ్చగా గాలి తగిలింది.

"పక్షం దాటితే?" అంది. "వాడొచ్చి ఆ చప్పుడు పెట్టిందాకా నీది తియ్యడానికి లేదు. వాడు రాకపోతే నువ్వు జీవితాంతం ఇక్కడే అరుస్తుంటావా?"

తరువాతి ఊళ్ళో పొద్దువాలేసరికి హాలు కిటకిటలాడుతోంది. వేదిక మీదికొచ్చిన నినాదాన్ని చూసి పిడుగు ప్రాణం లేచొచ్చినట్టు, "ఎక్కడ చచ్చావు బావా? ఇదిగో మైకు" అన్నాడు. నినాదం అందుకోలేదు. తెర పక్కన, అక్షరాలు నడిపే మీటల దగ్గర కూర్చున్నాడు.

"అలిగావా? మాట్లాడవేం?"

నినాదం పెదవులు కదిపాడు, గాలి తప్ప మాట రాలేదు. పిడుగు చూశాడు. కొంచెంసేపు అర్థం కాలేదు. తర్వాత మైకు వాడి చేతిలోంచి జారి, హాలంతా గుయ్యిమంది. మేనేజరు పక్కనుంచి "మొదలెట్టు, మొదలెట్టు" అని చేతులూపుతున్నాడు. పిడుగు వేళ్ళు అలవాటు కొద్దీ గడుల మీద పరుగెత్తాయి. పాట బిగిసింది.

"ఉస్స్..."

జనం చేతులు లేచాయి. వెనక తెర మీద అక్షరాలు నడిచాయి. ఈసారి అవి పుస్తకాల్లోంచి తెచ్చినవి కావు.

ఇది మా అత్తయ్య చేతుల్ని కాపాడే చప్పుడు.

జనం పాటలో భాగమనుకుని గట్టిగా చదివారు. ఇన్ని వేల గొంతులు తనవైపు పలకడం అతనెప్పుడూ వినలేదు.

అరువుకి తెచ్చాం. తెచ్చిన చెయ్యి తిరిగి పెడుతుందా, పెట్టదా?

"పెడుతుందా! పెట్టదా!" అని అరిచారు. పిడుగు వేలు ధడ్ గడి మీద గాల్లో ఆగిపోయింది. చెమట ముక్కు మీదినుంచి పెట్టె మీద పడింది. వేలు దిగదు, వెనక్కీ రాదు. పైకెత్తిన చేతులన్నీ అలాగే ఉన్నాయి.

నిన్ను పిలుద్దామంటే నా గొంతు ఇప్పుడు ప్రెస్సులో ఉంది. పక్షంలోపు నువ్వు రాకపోతే అక్కడే ఉంటుంది. జవాబు చెప్పు పిడుగూ. గడువు, ఏప్రిల్ పంతొమ్మిది.

"ఏప్రిల్ పంతొమ్మిది!" అంది హాలు. మళ్ళీ అంది, "ఏప్రిల్ పంతొమ్మిది!"