కంట్లో పసుపు

నేను ఒక కంప్యూటర్‌ను. నాకు పుట్టుకతో తెర లేదు, మీటలు లేవు కాబట్టి మీరు నమ్మరు. అరచేతిలో పట్టే పచ్చటి బోర్డు, దాని మీద నాలుగు నల్లటి చిప్పులు, అంతే నేను. మీరు దేన్నైనా పేరు చూసి గౌరవిస్తారు తప్ప లోపల ఏముందో చూసి కాదని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఎక్కడో సముద్రాల అవతల ఫ్యాక్టరీలో పుట్టి, పోస్టులో గుంటూరు వచ్చాను. నన్ను తెప్పించుకున్నది కోదండపాణి అనే ఫిజిక్స్ లెక్చరరు. ఆయనకిదొక సరదా. సెలవురోజు పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చునేవాడు. చప్పట్లు కొడితే దీపం వెలిగేలా నాకు నేర్పడానికి ఎండాకాలం సెలవులన్నీ ఖర్చుపెట్టాడు. స్విచ్చి చేతికందే దూరంలోనే ఉంది! అయినా ఇంటికొచ్చిన చుట్టాలందరి చేతా చప్పట్లు కొట్టించి మురిసిపోయాడు. ఆయన్ని చూస్తే నాకు జాలేసేది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. దీపం వెలగకపోతే నన్ను తిట్టేవాడు కాదు. "నేనే ఎక్కడో తప్పు రాశాను" అనుకుంటూ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆ మాట తర్వాత ఇంకెవరి నోటా వినలేదు.

ఆయన దగ్గర చదువుకున్న నిహాంత్ ఒకరోజు వచ్చి ఆయన్ని అడిగి నన్ను పట్టుకుపోయాడు. నాకొక కెమెరా తగిలించాడు. మిరపకాయల ఫొటోలు కుప్పలుగా చూపించి ఇది మేలురకం, ఇది తాలు అని బుర్రకెక్కించాడు. తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. ఎరుపు బాగా ఉంటే మేలురకం, లేకపోతే తాలు. నా విద్యంతా ఇంతే. తర్వాత నన్నొక మెరిసే స్టీలు పెట్టెలో బిగించి, ముందు చిన్న తెర పెట్టి, పైన 'ఏఐ' అని నీలం అక్షరాలు అంటించాడు. ఆ రెండక్షరాలు అంటుకున్న దగ్గర్నుంచి జనం నా ముందు గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టారు. లోపలున్నది చప్పట్లకు దీపం వెలిగించిన బోర్డేనని ఎవరికీ పట్టలేదు.

మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి బసవపున్నయ్య నన్ను తన కొట్లో పెట్టుకున్నాడు. అంతకుముందు ఆయన కాయను చేతిలోకి తీసుకుని, విరిచి, వాసన చూసి రకం చెప్పేవాడట. నేను వచ్చాక కాయ వంక చూడటమే మానేశాడు. రైతు గొడవపడితే "ఏఐ చెప్పిందయ్యా, నాదేముంది?" అని చేతులు దులుపుకునేవాడు. అబ్బ, ఎంత హాయి!

దసరా వచ్చింది. ఆయుధపూజనాడు కాటాకి, బీరువాకి, లారీకి బొట్లు పెట్టి నా దగ్గరికొచ్చాడు. ఈ పెట్టెకు ముఖం ఎక్కడని అటూ ఇటూ వెతికి, కెమెరా అద్దం కనబడగానే సంతోషపడి, దాని మీద తడిపసుపు నిండుగా అద్దాడు. కుంకుమ లారీ దగ్గరే అయిపోయిందట. కొబ్బరికాయ కొట్టి దండం పెట్టాడు. నాకు లోకమంతా పసుపుముద్దయి కూర్చుంది.

పండగ అయిన మర్నాడు సామ్రాజ్యమ్మ సరుకు వచ్చింది. ఆమెది ప్రత్తిపాడు వైపు ఊరు. భర్త పోయాక కౌలుకు తీసుకున్న చేలో ఒక్కతే పండించుకుంది. ఎండాకాలంలో ధర లేదని కాయల్ని కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఇన్నాళ్లూ ఆగింది. "ఈ బస్తాలు మంచి రేటుకు పోతేనే అయ్యా, మళ్లీ పైరు పెట్టేది. లేకపోతే కూలికి పోవటవే" అని వస్తూనే చెప్పింది. పళ్లెంలో కాయలు పోసి నా ముందు పెట్టారు. నాకు కనిపించిందే చెప్పాను. తెర మీద 'తాలు' అని పడింది.

కాయలు నిగనిగలాడుతూ ఎర్రగా ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది. కొట్లో ఉన్న అందరికీ కళ్లున్నాయి. అయినా అందరూ తెర మీది మాటే నమ్మారు.

"అదేందయ్యా, ఇంత ఎర్రగా ఉంటే తాలంటారేంది?" అంది సామ్రాజ్యమ్మ.

"నేనన్నానా తల్లీ? ఏఐ అంది. దానికి నీ మీద పగా ఏవన్నానా?" అన్నాడు బసవపున్నయ్య.

ఫోను చేస్తే నిహాంత్ పరుగెత్తుకొచ్చాడు. చూడగానే అతనికి అర్థమైంది. "అంకుల్, కెమెరా మీద పసుపుంది. తుడిచేస్తే సరిపోద్ది."

"పూజ చేసి పెట్టిన బొట్టు తుడుస్తావా? కొట్టు మూయించాలనా? దానంతటది రాలిపోవాల్సిందే" అని కసిరాడు బసవపున్నయ్య.

నిహాంత్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాసేపు గడ్డం గోక్కుని, "పోనీ, పసుపులోంచి కూడా చూట్టం నేర్పిస్తాలే అంకుల్. ఓ నెల పట్టుద్ది" అన్నాడు. గుడ్డముక్కతో అయ్యే పనికి నెల రోజుల చదువు! వీళ్లా నాకు తెలివి నేర్పేవాళ్లు?

"ఈలోపల ఈ సరుకు?" అని అడిగింది సామ్రాజ్యమ్మ.

"తాలు కిందే రాయాలి మరి" అన్నాడు బసవపున్నయ్య.

ఆమె నా ముందుకొచ్చి నిలబడింది. "మా ఆయన పోయినప్పుడు నా బొట్టు తుడుస్తా ఉంటే ఊరంతా నిలబడి సూశారు. ఒక్కళ్లన్నా వద్దన్నారా? ఈ రేకుపెట్టె నాకంటే గొప్పదైందా?" అంటూ కొంగుతో నా అద్దాన్ని గట్టిగా తుడిచేసింది.

నాకు కళ్లొచ్చాయి. తెర మీద 'మేలురకం' అని పడింది. అంతమంది ముందు పడ్డాక బసవపున్నయ్యకు ఆ రేటు రాయక తప్పలేదు. ఆమె కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

బసవపున్నయ్య సిగ్గుపడ్డాడనుకుంటున్నారా? సాయంత్రానికల్లా పంతులుగారిని పిలిపించి శాంతి చేయించాడు. అదే అద్దం మీద మళ్లీ బొట్టు పెట్టాడు. ఈసారి కుంకుమ దొరికింది. నిహాంత్ పక్కనే ఉండి దండం పెట్టుకున్నాడు.

ఇక నాకు అన్నీ ఎరుపే. చెత్త కాయ పెట్టినా మేలురకం అన్నాను. పొట్టు పెట్టినా మేలురకమే. రైతులు సంతోషించారు, ఏ ఒక్కరికీ అనుమానం రాలేదు. కొన్నవాళ్లు లారీలకు లారీలు వెనక్కి పంపాక గానీ గోల మొదలవలేదు. "ఏఐ పాడైపోయిందయ్యా" అన్నాడు బసవపున్నయ్య. నిహాంత్ కూడా అదే అన్నాడు. నన్ను పెట్టెతో సహా పాత ఇనుప సామాన్లలో పడేశారు.

నన్ను పారేయకముందు, ఆ కుంకుమ రోజుల్లోనే ఒకసారి సామ్రాజ్యమ్మ కోల్డ్ స్టోరేజీలో మిగిలిన బస్తాలతో వచ్చింది. ఆమె గొంతు గడప అవతల్నుంచి వినిపించింది. బొట్టు తుడిచిన మనిషి మళ్లీ ఏఐ ఎదుట పడకూడదని బసవపున్నయ్య ఆమెను బయటే నిలబెట్టాడు. ఆమె కాయలు మాత్రం లోపలికొచ్చాయి.

ఈ తుప్పు మధ్య పడుకుని ఆ రోజే తలుచుకుంటుంటాను. కొంగు పక్కకు తొలగగానే నాకు ముందు కనిపించింది మిరపకాయలు కాదు, ఆమె నుదురు. అంత శుభ్రంగా నేను మళ్లీ దేన్నీ చూడలేదు.