మెట్లు దిగే తీరు

…బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా కొలుస్తారని ముందే తెలిసి, నెల్లాళ్ళుగా బల్లమీద అరచేయి ఆనించి వేళ్ళు సాగదీసుకుంటే మాత్రం ఏం లాభం, ఎముక సాగుతుందా, తల్లి కడుపులో ఎంత వచ్చిందో అంతే, వెనుక నిలబడిన డేషాన్ మాత్రం ఏ సాధనా లేకుండా చేయి పరిచాడు, కొలిచినవాడు ఆ అంకెను గట్టిగా చదివి తలెత్తి నవ్వాడు, రాయ్స్ చేతి అంకె చదివినప్పుడు నవ్వలేదు, ఏరా, చేతిని ఫ్రిజ్‌లో పెట్టుకొచ్చావా, ముడుచుకుపోయింది అని డేషాన్ చెవిలో గుసగుసలాడితే, నీది చేయి కాదులేరా, గరిటె అని తానూ నవ్వాడు, నవ్వాలి గనుక నవ్వాడు, పెట్‌వే తరువాత ప్రూయిట్, అక్షరక్రమం కూడా పగబట్టినట్టే ఉంది, ఎక్కడ వరుస కట్టినా రాయ్స్ పెట్‌వే వెనుక డేషాన్ ప్రూయిట్, తనను చూసిన కళ్ళు మరుక్షణం వాణ్ణి చూస్తాయి, చూసి తనను మరిచిపోతాయి, ఇండియానాపొలిస్ చలిలో కుర్రాళ్ళను చడ్డీలతో వేదిక ఎక్కించి, ముందుకూ వెనుకకూ తిప్పి చూస్తున్న వీళ్ళంతా అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి జట్ల మనుషులు, ఏప్రిల్‌లో జరిగే డ్రాఫ్ట్‌లో ఏ కాలేజీ కుర్రాణ్ణి ముందు ఎంచుకోవాలో, ఎవణ్ణి అసలు ముట్టుకోకూడదో తేల్చుకోవడానికి వచ్చినవాళ్ళు, సంతలో ఎద్దు పళ్ళు చూసేవాడికైనా ఎద్దు మీద కాస్త జాలి ఉంటుందేమో, ఆ మాట అనుకున్నాడే గాని, ఆ ఎద్దుల్లో మొదటి ఎద్దు తాను కానందుకే తన బాధంతా అని కూడా రాయ్స్‌కు తెలుసు.

డ్రాఫ్ట్ మొదటి రౌండులోనే ఎంపికవుతాడట డేషాన్, టీవీలో అందరూ అదే మాట, తన పేరు టీవీలో వచ్చింది ఒక్కసారి, అదీ డేషాన్ గదిసహచరుడిగా, ఇద్దరూ చేసేది ఒకే పని, పరుగెత్తి, ఎగిరి, కోడిగుడ్డులాంటి ఆ బంతిని అందుకోవడం, అలబామాలో తమ కాలేజీ మైదానానికి జట్ల పరిశీలకులు వచ్చిన రోజున డేషాన్ పరుగెడుతుంటే అంతమంది బొటనవేళ్ళూ స్టాప్‌వాచీల మీదే, తన వంతు వచ్చేసరికి ఒకడు కాఫీ కోసం వెళ్ళాడు, ఇంకొకడు వాచీ జేబులో వేసుకున్నాడు, జేబులోకి వెళ్ళిన ఆ వాచీ ఇప్పటికీ కడుపులో టిక్కుటిక్కుమంటూనే ఉంది, అంతకుముందు మాత్రం ఏమైంది, ఆదివారం చర్చి నుంచి వచ్చి అమ్మ కోడి వేయిస్తే మంచి తొడముక్క డేషాన్ పళ్ళెంలోకే, అదేమిటమ్మా అంటే, వాడికి వండిపెట్టే దిక్కెవరున్నార్రా, నీకు నేనున్నాగా అంది అమ్మ, డేషాన్ ఆ ముక్కను సగానికి చీల్చి రాయ్స్ పళ్ళెంలో వేశాడు, వేయకుండా ఉంటే బాగుండేది, అప్పుడు వాణ్ణి హాయిగా ద్వేషించడానికి వీలుండేది, దానం చేసినవాణ్ణి ద్వేషించడం ఎంత కష్టం, అయినా ఆ కష్టం కూడా నేర్చుకోవచ్చు, తాను నేర్చుకున్నాడు.

ఆ తరువాత వైద్యుల గదులు, ఒక జట్టు వైద్యుడు మోకాలు లాగి, వంచి, మెలితిప్పి వదిలితే ఇంకొక జట్టు వైద్యుడు అందుకుంటాడు, బాగున్న మోకాలు కూడా సాయంత్రానికి వాచేట్టు ఉంది, తెర అవతల డేషాన్ మోకాలును పట్టుకున్నవాడు, భేష్, రాయిలా ఉంది అన్నాడు, అనక ఏమంటాడు, పొద్దెక్కి ఒళ్ళు వేడెక్కాక ఆ మోకాలు రాయే, ఎక్స్‌రే ఫొటోల్లో కూడా ఏమీ కనబడదు, పొద్దున లేచిన వెంటనే చూడాలి, కాలేజీలో తమ గది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, డేషాన్ ముసలివాడిలా పక్కకు తిరిగి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగుతాడు, స్నానపు తొట్టిలో మంచుగడ్డలు పోసుకుని పళ్ళు బిగబట్టి కూర్చుంటాడు, ఎవరితోనూ అనకురా రాయ్స్, నీ పుణ్యముంటుంది అన్నాడు ఒకనాడు, నాకేం పని, చెప్పనురా అన్నాడు తాను, ప్రపంచం మొత్తం మీద ఆ సంగతి తెలిసినవాడు తానొక్కడే, తన జేబులో ఉన్న ఆస్తి అంతా అదే.

మధ్యాహ్నం ముఖాముఖీ, ఒక జట్టువాళ్ళు ఆరుగురు బల్ల చుట్టూ కూర్చున్నారు, గడువు అయిపోయిందని బూర ఊదేలోగా అడగదలచినవన్నీ అడగాలి, గోడమీద తన ఆట వీడియో వేసి, ఈ పరుగు ఎందుకు తప్పింది అన్నారు, నా అడుగే తప్పండి, ఒక అడుగు ముందే తిరిగాను అన్నాడు తడుముకోకుండా, తాగుతావా, లేదండి, కోచ్ ఎప్పుడైనా తిట్టాడా, రోజూ తిడతాడండి, మా అమ్మ అంతకంటే బాగా తిడుతుంది అంటే బల్లంతా నవ్వింది, అన్నిటికీ మాట వెంట మాట, మూలకు కూర్చున్న కల్‌పెపర్ ఒక్కడే నవ్వలేదు, తెల్లజుట్టు ముసలాయన, వాళ్ళ పరిశీలకుడు, ఏళ్ళ తరబడి అలబామా కాలేజీలన్నీ తిరిగినవాడు, ఆ రోజు వాచీ జేబులో వేసుకున్నది ఇతనే, అబ్బాయ్, మీ గది మూడో అంతస్తు కదూ అన్నాడు మెల్లగా, అవునండి, మెట్లేగా, అవునండి, మరి పొద్దున్నే మీ డేషాన్ ఆ మెట్లు ఎలా దిగుతాడు?

ఎంత చిన్న ప్రశ్న, కత్తిని నూలుగుడ్డలో చుట్టి ఇచ్చినట్టు, పరుగెత్తుకుంటూ దిగుతాడండి అంటే అబద్ధం, కమ్మీ పట్టుకుని దిగుతాడండి అంటే నిజం, అది వాణ్ణే అడగండి అంటే మర్యాద, మూడూ నాలుక మీదికి వచ్చి నిలుచున్నాయి, నిజం చెబితే తప్పేమిటి, కొనేవాడికి తెలియవద్దా, అదేగా న్యాయం, న్యాయమన్న మాట ఎంత తియ్యగా ఉంది, ఇంత తియ్యగా ఉందంటే అది న్యాయం కాదేమో, తొడముక్క, వాచీ, అమ్మ, చెప్పనురా అని తానిచ్చిన మాట, లేదు, చెప్పడు, ప్రాణం పోయినా చెప్పడు, రాయ్స్ తల వంచుకుని తన పొట్టి వేళ్ళను చూసుకుంటూ కూర్చున్నాడు, ఎవరో కుర్చీ కదిపారు, ఎవరో గ్లాసు కింద పెట్టారు, తలెత్తేసరికి కల్‌పెపర్ కలానికి మూత పెడుతున్నాడు, మంచి స్నేహితుడివయ్యా అన్నాడు, ఈసారి నవ్వాడు, బూర మోగింది.

బయట నడవాలో డేషాన్ గోడకు ఆనుకుని ఉన్నాడు, తరువాత వంతు వాడిదే, టై సరిచేసుకుంటూ, ఏమన్నార్రా, కొరికారా, నా గురించి ఏమైనా తీశారా అని నవ్వుతూ అడిగాడు, కళ్ళు నవ్వడం లేదు, తీశార్రా, నేనేం చెప్పలేదు అన్నాడు రాయ్స్, నాకు తెలుసురా, నువ్వు కాబట్టి సరిపోయింది అని డేషాన్ ఆ పెద్ద అరచేతిని రాయ్స్ భుజం మీద వేసి ఒకసారి నొక్కి, లోపలికి వెళ్ళాడు, తలుపు మూసుకుంది, చెప్పలేదు, నిజమే, ఒక్క మాటా చెప్పలేదు, తల్లి ముందు, దేవుడి ముందు నిలబడి అనగలడు ఆ మాట, మరి భుజం ఎందుకిలా మండుతోంది, తాగుతావా అంటే ఎంతసేపు పట్టింది జవాబుకు, కోచ్ తిట్టాడా అంటే ఎంతసేపు పట్టింది, రెప్పపాటు, అబద్ధమాడి ఉంటే అదైనా వాణ్ణి కాపాడేది, వాణ్ణే అడగండి అన్న మర్యాదైనా కాపాడేది, ఆ ఒక్క ప్రశ్నకే ముసలాయన కలానికి మూత పెట్టేదాకా ఊరుకున్నాడు, నోరు పెగలక కాదు, భయపడీ కాదు, ఎంతసేపు ఊరుకుంటే ఆ బల్ల దగ్గర అది జవాబవుతుందో రాయ్స్‌కు తెలుసు, తెలిసే అంతసేపూ ఊరుకున్నాడు.