మోరిస్ కారుకు క్యాన్ నీళ్లు

మా ఆయన జాకబ్‌కు ఇరవై ఆరు కార్లున్నాయి. ఒక్కదాంట్లోనూ ఎక్కి కూర్చోలేం. అన్నీ చూపుడు వేలంత లోహపు బొమ్మలు, అసలు కారులో నలభైమూడో వంతు. ఆస్టిన్, హిల్‌మన్, రోవర్, జాగ్వార్, అన్నీ ఇంగ్లండు పాతకార్లే. బొమ్మలంటే ఆయనకు కోపం, స్కేలు మోడల్సనాలి. కాశీబుగ్గలో ఆటోలకు వైరింగు చేసుకునే మనిషి, సొంతానికి మోటార్‌సైకిలైనా లేని మనిషి, కొరియర్ ఆఫీసు నుంచి ఒక్కోదాన్నీ పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చుకునేవాడు. మొదట్లో తెగ నవ్వేదాన్ని. పిల్లల్లేని ఇల్లు కదా, ఏదో ఒక పిచ్చి ఉండనీ అనుకున్నాను.

వాటిలో ఆయన ప్రాణం ఆకుపచ్చ మోరిస్ మైనరు. వాళ్ల తాత లూకా మిషన్ ఆసుపత్రి దొరసాని డాక్టరుకు అలాంటి కారే నడిపాడట. జాకబ్ ఆ తాతనూ చూడలేదు, ఆ కారునూ చూడలేదు. అయినా ఆ మోడల్ కోసం నాలుగేళ్లు వెతికాడు. చివరికి విశాఖపట్నంలో ఇదే పిచ్చి ఉన్న జగదీశ్వరరావు గారి దగ్గర దొరికింది.

కిందటేడు దాని బానెట్ మీద సన్నటి బీట కనిపించింది. ముందు చూసింది నేనే. జీడిపప్పు ఏరే పని నాది. గుండు పప్పేదో, విడిన బద్దేదో, చీలబోయే గింజ ఏదో నా కళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

"బోరు నీళ్లే సువర్ణా," అన్నాడు జాకబ్. "ఇన్నాళ్లూ ఆటితోనే తుడిసాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఉద్దానంలో ఏది పాడైనా నీళ్లనే అంటాం. ఆయన కిడ్నీలు పోయింది కూడా జలంత్రకోట నీళ్లతోనేనని మా నమ్మకం. డాక్టర్లు మాత్రం ఇదీ కారణమని చెప్పరు. ఇద్దరం ఆ ఊళ్లోనే పుట్టాం, ఆ నీళ్లే తాగాం, నాకేమీ కాలేదు. ఆయనకు వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. ఇంట్లో ఆయన తాగేవి క్యాన్ నీళ్లు. ఆ రోజు నుంచి మోరిస్‌ను తుడవడానికీ అవే.

తాగడానికీ లెక్కుంది, ఎక్కువైతే ఒంట్లో నీరు చేరిపోతుంది. రోజుకు నాలుగు గ్లాసులు, అదీ నిండా కాదు. స్టీలు గ్లాసు లోపల మేకుతో గీత గీసి పెట్టాను. ఎండాకాలంలో నాలుక పిడచగట్టుకుపోయి నా వైపు చూసినా గీత దాటనిచ్చేదాన్ని కాదు. నన్ను జైలు వార్డెననేవాడు.

బీట మెల్లగా డోరు దాకా పాకింది. నాకు ఒళ్లు మండింది. జాకబ్ పనికి వెళ్లినప్పుడు జగదీశ్వరరావు గారికి ఫోన్ చేసి, బోరు నీళ్లకే బీటలిచ్చే పాడు సరుకు అంటగట్టారని దులిపేశాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అది నీళ్లవల్ల కాదమ్మా. పోత పోసిన రోజే ఆ లోహంలో మలినం కలిసింది. పైన రంగు బాగానే ఉంటుంది, లోపల్నించి పొడి అయిపోతుంది. అమ్మేటప్పుడు నాకూ తెలియలేదు."

"ఏం చేస్తే ఆగుతుంది?"

"ఏం చేసినా ఆగదు. అంత ఇష్టంగా కొనుక్కున్నాడు, ఆయనకు చెప్పకండి."

ఆ వారమే పలాసలో డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. సూది గుచ్చడానికి చేతుల్లో నరాలు మిగల్లేదన్నాడు. గుండె కూడా నీరసించిందని, కిడ్నీ మార్చే దశ దాటిపోయిందని, ఇంక కొన్ని నెలలేనని చెప్పాడు. చివర్లో ఆయనా అదే మాట అన్నాడు, పేషెంటుకు చెప్పకండని.

దేవుడి మీద కోపమొచ్చి రెండు ఆదివారాలు చర్చికి వెళ్లలేదు. జాకబ్‌కు తలనొప్పని చెప్పాను.

ఒక మధ్యాహ్నం పని నుంచి వచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని మోరిస్‌ను తుడుస్తున్నాడు. పక్కన గ్లాసు, దాని పక్కన డబ్బా మూతలో నీళ్లు. నేను పొద్దున నిండా పోసి వెళ్లిన గ్లాసది. ఆయన పెదాలు పగిలిపోయి ఉన్నాయి.

"ఏటి బావా ఇది? తాగమని పోత్తే కారుకి తానం సేయిత్తన్నావా?"

"కొంచెమేలే."

"నాలిక ఎండి సత్తన్నావు, దానికి పోత్తన్నావు. అది బాగవదు బావా. ఎన్ని నీళ్లెట్టి తుడిసినా బాగవదు."

నోరు జారాను. ఆయన గుడ్డను పిండి మోకాలి మీద పరుచుకున్నాడు.

"తెలుసు. ఫోన్లో సదివాను. లోపల్నించి పోద్దంట. బీట పడిన నెలకే తెలిసింది."

"మరెందుకు తుడుత్తన్నావు?"

"నువ్వు నాకెందుకు పోత్తన్నావు?"

ఆయన గ్లాసు ఎత్తి లోపలికి చూపించాడు. నీళ్లు సరిగ్గా గీత దగ్గరే ఉన్నాయి. పైన ఉన్నదంతా మూతలోకి వంపేశాడు.

"డాక్టరు నిన్ను బయటికి పిలిసిన కాన్నించి నువ్వు గీత దాటి పోత్తన్నావు. ఒక్క సుక్క ఎక్కువ ఇయ్యనిదానివి. నాకు తెల్దనుకున్నావా?"

నిజమే. పోయే మనిషికి దాహమెందుకు మిగల్చాలని రోజూ అంచుదాకా పోస్తున్నాను. మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను.

"గీత కాడికే పొయ్యి సువర్ణా," అన్నాడు. "దాటితే నాకు బయమేత్తంది."

ఇన్నేళ్లలో ఆయన ముందు ఏడవలేదు. ఆ రోజు ఏడ్చాను. ఆయన నన్ను ఊరుకోబెట్టలేదు, తనూ ఏడ్చాడు.

మర్నాటి నుంచి మళ్లీ గీత వరకే పోస్తున్నాను. మోరిస్‌కు మూతలో వేరుగా రెండు చెంచాలు పోసి పెడుతున్నాను. పోయినవారం దాని డోరు ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. దాన్ని కూడా తుడిచి పక్కన పెట్టుకున్నాడు.

నిన్న ఆయన, దాహమేస్తోంది ఇంకొంచెం పొయ్యమని అడిగాడు.

"కుదరదు బావా," అన్నాను. "డాక్టరు తిడతాడు."