నడుం కాదు అత్తయ్యా

నేను బట్టలు కుట్టేదాన్ని. ఎవరి భుజం ఏ పక్కకి వాలుతుందో కంటితో చూసి చెప్పగలను. నా నొప్పి ఎక్కడో చెప్పడానికి మాత్రం నోరు పెగలలేదు. అది ఏడో నెలలో మొదలైంది, పాప పుట్టాకా వదల్లేదు. మంచం మీద పక్కకి తిరగాలంటే పట్టపగలే చుక్కలు కనిపించేవి.

సిగ్గుపడి నడుం నొప్పి అన్నాను. అంతే, అత్తగారు వీపంతా తైలం పట్టించారు. నొప్పి ఒకచోట, మందు ఒకచోట. వీపు నిగనిగలాడింది, నడక మాత్రం బాతు నడకే. తగ్గలేదంటే, మేమంతా కనలేదా అని ఆవిడ మూతి తిప్పేవారు.

మా ఆయనకైనా అర్థమవుతుందని, నొప్పి సీటు దగ్గరని చెప్పాను. నడుం కింది చుట్టుకొలతని దర్జీలం సీటనే అంటాం. బస్సు డ్రైవరైన మా ఆయనకి సీటంటే ఒకటే సీటు. సాయంత్రానికల్లా నా కుట్టుమిషన్ ముందు స్టూలు తీసేసి, పాత బస్సు సీటు బిగించాడు. ఎక్కి కూర్చుంటే పెడలు అందలేదు. మనిషి మంచివాడు, తిట్టడానికీ లేదు.

నవ్వొచ్చేది, ఆ వెనకే ఏడుపొచ్చేది. పాప ఏడిస్తే లేచి ఎత్తుకోలేకపోతున్నాను. ఇదంతా నా బద్ధకమేనేమోనని నాకే అనుమానం పట్టుకుంది.

ఒక పొద్దున పాప గుక్కపట్టింది. నేను లేవబోయి, మంచం పట్టుకుని సగంలో ఆగిపోయాను. అత్తగారు తైలం సీసాతో వచ్చారు. నాకు ఒళ్లు మండింది. మా ఆయన ప్యాంటు మంచం మీదుంటే దాన్ని పరిచి, సుద్దముక్కతో ముందు జిప్పు కింద ఒక గుర్తు, తిప్పి వెనక జేబుల మధ్య రెండు గుర్తులు పెట్టాను.

"నడుం కాదు అత్తయ్యా. ఇక్కడ. ఎముకలు విడిపోతున్నట్టుంటుంది."

ఆవిడ ప్యాంటు వంక చూసి, సీసా పక్కన పెట్టారు. పాపని తెచ్చి నా ఒళ్లో పెట్టి, పక్కన కూర్చున్నారు.

"నాకూ అక్కడే," అన్నారు మెల్లగా. "నేనూ నడుమనే చెప్పేదాన్ని. మా అత్తా వీపుకే రాసింది."

"మరి ఎప్పుడు తగ్గింది?"

"తగ్గిందని ఎవరన్నారే?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆవిడా ఏడ్చారు, తల తిప్పుకుని.

ఆసుపత్రిలో టోకెన్ తీసుకొస్తానని మా ఆయన చెప్పులేసుకున్నాడు. రెండు తెమ్మన్నాను. రెండోది ఎవరికని అడిగాడు.

"అత్తయ్యకి," అన్నాను. "మిమ్మల్ని కన్ననాటి నొప్పి ఇంకా ఉందట."