లాకుల దారీ, నా ఊగిసలాటా

నేను ఒక బెండును. నవ్వకండి. ఎవరినైనా చితక్కొడితే "వాడి బెండు తీశాడు" అంటారే, ఆ బెండును కాదు. గాలానికి కట్టే బెండును. దారానికి ఒక కొసన ఎర, ఇంకో కొసన మనిషి, మధ్యలో నీళ్ళ మీద తేలుతూ నేను. కింద చేప కొరికితే బుడుంగున మునిగి, పైనున్న మనిషికి కబురు చెప్పడం నా ఉద్యోగం. మునిగిపోతే శభాష్ అనిపించుకునే ఉద్యోగం లోకంలో ఇదొక్కటే అనుకుంటాను.

పుట్టింది ఒక మురుగు కాలవ పక్కన, జీలుగు మొక్కలో. నన్ను కోసి, ఎండబెట్టి, చెక్కినవాడు నా తోబుట్టువుల్ని పెళ్ళి బాసికాలు చేసేవాళ్ళకి అమ్మాడు. వాళ్ళు పెళ్ళికొడుకుల నుదుటికెక్కారు, నేను గాలానికెక్కాను. పెద్ద తేడా ఏమీ లేదు. అక్కడా ఇక్కడా ఒకడు చిక్కాడని నలుగురికీ తెలియజెయ్యడమే మా పని.

అమ్మవారి తీర్థంలో, అంగళ్ళ వరసలో నన్ను మొదట కొన్నవాడు ఒక పోస్టుమాను. ఊరంతటికీ కబుర్లు మోసి మోసి అలిసిపోయాడేమో, నేను మోసుకొచ్చిన కబురు మాత్రం అందుకునేవాడు కాదు. నన్ను నీళ్ళలో వేసి గట్టున గుర్రు పెట్టేవాడు. నేను మునిగీ తేలీ, తేలీ మునిగీ, విసిగిపోయాను. చివరికి తన కూతురి పెళ్ళికి షామియానా వేసిన దొరబాబుకి నన్ను బహుమతిగా ఇచ్చేశాడు.

దొరబాబుది టెంట్ హౌసు. అందరి పెళ్ళిళ్ళకీ కుర్చీలు వేస్తాడు, తను మాత్రం గట్టు మీద గొంతుక్కూర్చుంటాడు. అతనికి ప్రాణమైన చోటు మూడుతూముల లాకులు. కాలవలో నీటిని ఆపే పాత తలుపులు, వాటి పక్కన నున్నటి సిమెంటు దిమ్మ, దిమ్మ కింద సుడి. నన్ను కట్టి గాలం వేసిన మొదటి ఆదివారమే అక్కడ మోచేతి పొడవు కొరమేను పడింది. ఆ ఆనందంలో దొరబాబు ఘోరం చేశాడు. "ఇది లక్కీ బెండురా, నీళ్ళలో పోతే మళ్ళీ దొరకదు" అని నన్ను గాలం నుంచి విప్పి, వేన్‌లో డ్రైవరు ముందుండే అద్దానికి కట్టేశాడు. తేలేవాణ్ణి వేలాడేవాణ్ణి చేశాడు. ఈతగాడికి సన్మానం చేసి, ఇక స్నానం కూడా చెయ్యొద్దన్నట్టు.

అద్దానికి వేలాడుతున్నాను కనుక దారి సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గతుకు గతుకుకీ ఊగే బతుకు నాది. ఆ కొరమేను తర్వాత దొరబాబు లాకుల దగ్గరికి వేళకి చేరింది లేదు. అక్కడి చేపలకి ఒక పట్టింపు ఉంది. తూము తలుపు మీద ఎండ పడిందంటే దుకాణం కట్టేస్తాయి. కాబట్టి తెల్లారేసరికి దిమ్మ మీద ఉండాలి. ఉండాలంటే దగ్గర దారి కావాలి. ఆ దగ్గర దారి కోసం దొరబాబూ, అతని బావమరిది అబ్బులూ ప్రతి ఆదివారం కొట్టుకునేవారు.

"బావా, ఫోను బైపాసు మీంచి ఎళ్ళమంటంది" అనేవాడు పక్కసీట్లో అబ్బులు.

"ఆ ఫోనెప్పుడైనా చేప పట్టిందేట్రా? కాలవ గట్టే దగ్గర."

"గట్టు దగ్గరే బావా. నువ్వే దూరం చేస్తావు."

అబ్బులు మాటలో నిజం సగం. మిగతా సగం అబ్బులే. దొరబాబుకి కాలవ కనబడితే కాలు దానంతటదే బ్రేకు మీదకి పోతుంది. అబ్బులుకి వాగు కనబడితే వాగుడు మొదలవుతుంది. గట్టు దారిలో కాలవ, బైపాసు దారిలో చెరువులు. చెరువు చేరువైన కొద్దీ లాకులు దూరమయ్యేవి.

"ఊరికే చూసొద్దాం బావా. గాలం దింపేది లేదు."

"చూడ్డమేరా. ఒక్క చూపు."

చూడ్డానికి దిగేవాడు ఎరకి తెచ్చిన ఎర్రల డబ్బా పట్టుకుని ఎందుకు దిగుతాడో నన్నడగకండి. ప్రతి కల్వర్టు దగ్గరా ఆ ఒక్క చూపు చూసి, ఒక్క గాలం వేసి, లాకులకి చేరేసరికి ఎండ తూము మీద కాదు, వాళ్ళ నడినెత్తి మీద ఉండేది. తిరుగు దారిలో మళ్ళీ కొట్లాట. తప్పు దారిదే అని మాత్రం ఇద్దరూ ఒప్పుకునేవారు. నాకు దారం తెలుసు కానీ దారి చెప్పే నోరు లేదు. ఉన్నా చెప్పేవాణ్ణి కాదనుకోండి. వినోదం పాడవుతుంది.

పోనీ ఎవరినైనా దారి అడుగుదామా అంటే దానికో చిక్కు. చేపలకి బయల్దేరినవాణ్ణి "ఎక్కడికి" అని ఎవరైనా అడిగితే ఆ రోజుకి తోక కూడా దక్కదని వాళ్ళ నమ్మకం. ఒకసారి వంతెన మీద రిపేరు జరుగుతుంటే, సైకిల్ మీద గడ్డిమోపు తీసుకెళ్తున్న పెద్దాయన్ని అబ్బులు ఆపాడు.

"ఏవండీ, వంతెన తెరిచారాండి?"

"ఆయ్, తెరిచారండి. ఇంతకీ ఎక్కడికండి తమరు?"

దొరబాబు బండి వెనక్కి తిప్పాడు. ఆ అపశకునం పోవాలంటే ఇంటికెళ్ళి, అరుగు మీద కూర్చుని, చెరో గ్లాసు మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. అరుగు మీద ఇద్దర్నీ చూసి దొరబాబు భార్య మంగతాయారు, "అప్పుడే వచ్చేశారా? చేపలేవీ?" అంది. సమాధానంగా మంచినీళ్ళు అడిగారు.

ఓపికకి కూడా ఒక గట్టు ఉంటుంది. అది ఆ రోజు తెగింది.

"ఆదివారం పెళ్ళిళ్ళ సామాను నేనొక్కదాన్నీ సర్దుకోవాలి, మీరిద్దరూ ఊరి మీద నీళ్ళన్నీ ముట్టుకుని రావాలి. వచ్చే ఆదివారం నేనూ వస్తాను. ఎండ రాకముందు ఆ లాకుల దగ్గర కూర్చున్నామా, సరే. లేదంటే వేన్ అమ్మేస్తాను, ఆ గాలాలు పొయ్యిలో పెడతాను."

"అక్కా, గాలాలేం చేశాయే?"

"నిన్ను కూడా పెడుదును. పొయ్యి చాలదు."

దొరబాబు ముఖం గాలం లేని దారంలా వేలాడింది. నా గతీ అంతేగా. వేన్ పోతే అద్దం పోతుంది, అద్దంతో నేనూ పాత ఇనుముల కొట్టుకి. ఇనుము తూచే చోట బెండుకి విలువేముంటుంది? ఒక్కసారి, ఒకే ఒక్కసారి నీళ్ళు తగిలి పోతే బాగుండు అనుకున్నాను.

ఆదివారం చీకట్లోనే మంగతాయారు రంగంలోకి దిగింది. రోగం దారిది కాదు, కళ్ళదని ఆవిడ కనిపెట్టింది. కొట్లోంచి షామియానా గుడ్డలు తెచ్చి వేన్ వెనక కిటికీలన్నిటికీ కట్టింది. ఆ చీకటి గుడారంలో అబ్బుల్ని కూలేసింది. కాలవ వైపు ముందు సీట్లో తను అడ్డంగా కూర్చుంది.

"మీరు రోడ్డు చూడండి. ఇటు తల తిప్పారంటే ఊరుకోను."

"ఇటు నువ్వున్నావు కదే, తిప్పకుండా ఎలా?"

"ఈ సరసాలు లాకుల దగ్గర."

గట్టు దారిన వేన్ పరుగెత్తింది. మొదటి కల్వర్టు ఆగకుండా దాటింది. నేను నమ్మలేక గిర్రున తిరిగాను. రెండోది దాటింది. గుడారంలోంచి "నీళ్ళ వాసనొస్తంది బావా" అని మూలుగు. "ముక్కు మూసుకో" అని ఆజ్ఞ. తూర్పున కాస్త ఎరుపు, లాకులు ఇంకో రెండు మలుపులు. దొరబాబు కళ్ళలో దిమ్మ కనిపిస్తోంది.

"ఆపండి" అంది మంగతాయారు.

ఆపాడు. ఆవిడ కాలవకేసి చూస్తోంది. పాపం, దారి పొడుగునా నీళ్ళు కనబడే సీటు ఆవిడ ఒక్కదానిదే.

"ఆ గుర్రపుడెక్క ఆకుల పక్కన ఏదో ఎగిరింది."

"ఎగరనీ. పొద్దెక్కుతోంది. పోదామే."

"ఊరికే చూసొస్తాను" అంది. చేతిలో ఎర్రల డబ్బా ఉంది.

గుడారంలో అబ్బులు పడీపడీ నవ్వాడు. దొరబాబు నవ్వలేదు. గాలాల కట్ట విప్పి చూస్తే, కంగారులో తెచ్చిన ఒక్క గాలానికీ బెండు లేదు. మంగతాయారు కళ్ళు వేన్ అంతా తిరిగి అద్దం దగ్గర ఆగాయి.

"అది లక్కీదే, తాయారూ" అన్నాడు దొరబాబు నీరసంగా.

"లక్కు నీళ్ళలో ఉంటుందా, అద్దం మీద ఉంటుందా?" అని నన్ను పుటుక్కున తెంపేసింది.

నీళ్ళు. చల్లటి, బురద వాసన వేసే, నా నీళ్ళు. ఆ సుఖం ఇంకా పూర్తిగా తేలకముందే కింద లటుక్కున లాగింది. మునిగాను. అరచెయ్యంత మట్టగిడస చేప. మంగతాయారు దాన్ని పట్టుకున్న తీరు చూస్తే, ఎవరు ఎవరికి చిక్కారో నాకు ఇట్టే తెలిసిపోయింది. దూరంగా లాకుల తూముల మీద ఎండ పడింది. ఆ సంగతి దొరబాబు చూశాడు, అబ్బులు చూశాడు. ఆవిడ చూడలేదు.

వేన్ అమ్మలేదు. పొయ్యిలో మామూలు కట్టెలే కాలుతున్నాయి. ఆదివారం పెళ్ళి సామాను శనివారమే సర్దేస్తున్నారు, ముగ్గురూ. అద్దానికి ఇప్పుడు నిమ్మకాయ వేలాడుతోంది. లాకుల దాకా మాత్రం ఆ తర్వాత ఒక్కసారీ చేరలేదు.

నిన్న ఆదివారం కూడా ఆ గుర్రపుడెక్క దగ్గరే ఆగాం. చాలాసేపు ఏమీ పడలేదు. దొరబాబు గొంతు సవరించుకున్నాడు.

"తాయారూ, ఇంకా ఎండ రాలేదు. లాకులకి పోదామా?"

"ష్. బెండు కదులుతోంది. మాట్లాడకండి."

చేప కాదు. గాలికి నేనే కాస్త కదిలాను. చెప్పకండేం.